షాద్‌నగర్ తొవ్వల ఎర్రచీరె

"అమ్మమ్మా, రేపు పొద్దుగాల నేను మా దోస్తులు కారుల కర్నూలు పోతున్నం గదా. షాద్‌నగర్ తొవ్వల నీ కారు ఆగిపోయిందంట. అమ్మనడిగితె 'మీ అమ్మమ్మనే అడుగు పో' అని నవ్వుతది. ఆ ముచ్చట చెప్పవా? ఫోన్ల రికార్డు పెడ్తున్న."

పెట్టు బిడ్డా, పెట్టు. పెట్టి గా ఫ్యాను జర తక్కువ చెయ్యి, లేకుంటె నా మాట కంటె దాని సప్పుడే ఎక్కువొస్తది. ఆఁ. మీ అమ్మ నవ్వుతదా? నవ్వనియ్యి. నవ్వేటట్లనే చేసిన నేను. అప్పుడు నవ్వు రాలేదు గాని, ఇప్పుడు నాకే వస్తది.

నీకెరుకే గదా, ముప్పై మూడేండ్లు సర్కారు దవాఖానల నర్సు నౌకరి చేసిన. ఈ ఉప్పుగూడ కెళ్లి పొద్దుగాల బస్సెక్కితె కూసునే జాగ ఒక్కనాడు దొరకలేదు. నౌకరిల చేరినప్పుడు టికెట్ అరవై పైసలుండె. కాదు కాదు, అరవై పైసలు నా పెండ్లికి ముందు. చేరినప్పుడు డెబ్బై ఐదు. సరే, ఏదో ఒకటి. ఆ బస్సుల ఒంటికాలు మీద నిలబడి ఒక్కటే అనుకునేదాన్ని: రిటైరైన తెల్లారి నేను కూసోని పోతా, నేనే నడుపుకుంట పోతా అని. అన్నట్టే చేసిన. ఒక చిన్న కారు, తెల్లది, సెకండ్ హ్యాండ్ల తీసుకున్న. మీ తాత వద్దన్నడా, అన్లే. ఆయన ఏమంటడు? "నీ ఇష్టం" అంటడు. పెండ్లయినప్పటి సంది గదే మాట.

డ్రైవింగు నేర్పే మాస్టరు పాపం పరేషానయిండు నాతోని. "మేడం, అది క్లచ్ మేడం, కుట్టుమిషిను కాదు, అట్ల తొక్కుడు ఆపుండ్రి" అనేటోడు. నలభై రోజులైంది నేర్చుకునేసరికి. వేరేటోళ్లకు ఇరవై రోజులట. లైసెన్సు వచ్చిన్నాడు గల్లీ అంత మైసూర్‌పాక్ పంచిన. పంచి, ఇగ నా అంత డ్రైవరు పాతబస్తీల లేదనుకున్న. చాంద్రాయణగుట్ట చౌరస్తాల నిటారుగ పోవాల్నంటె ఏం చేసేదాన్నో ఎరుకనా? నాలుగు మూలల లైట్లు కొట్టుకుంటయ్ చూడు, గా బటను నొక్కేదాన్ని. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి ఉన్నయ్, నిటారుకు గిదే కావొచ్చునని! ఎనుకున్న ఆటోవాలాలు "అమ్మా, ఏక్ తరఫ్ బోలో!" అని, ఏదో ఒక్క దిక్కు చెప్పమని లొల్లి చేస్తుండె. నేనేమో వీళ్లకు రూల్సు తెల్వయని జాలి పడుతుంటి.

నవ్వు, నవ్వు. ఇంకా ఉన్నది.

బండిని ఎంత మంచిగ చూసుకున్ననో అడుగు. రోజూ తుడుసుడు, శుక్రవారం పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, సీట్లకు నేనే అల్లిన కవర్లు. పైపైన అంత మంచిగ చూసుకున్న. బానెట్ మాత్రం ఎత్తిన పాపాన పోలేదు. ముప్పై మూడేండ్లు వచ్చినోళ్లకల్ల నాడి పట్టిన, బీపీ చూసిన, నోట్ల థర్మామీటరు పెట్టిన. ఇంజినాయిల్ చూసే పుల్ల ఒకటి ఉంటదని, దాన్ని గుంజి తుడిసి మళ్ల పెట్టి చూడాల్నని నాకు ఎరుకే లేదు. ఎరుక లేదంటె అబద్ధం. కిషన్‌బాగ్ల జానీ భాయ్ అని మెకానిక్ ఉన్నడు. పంక్చర్ కోసం పోతె అడిగిండు, "అమ్మా, ఆయిల్ కబ్ బద్లాయే?" అని, ఎప్పుడు మార్పిచ్చిన్రని. నేను టక్కున "మొన్ననే భాయ్" అన్న. ఎందుకన్ననో నాకే తెల్వదు. మా వార్డుల పేషెంట్లు గిట్లనే అంటుండె, "రెండే బీడీలు సిస్టర్, ఒట్టు" అని. వాళ్లను ఎంత తిట్టిన నేను! జానీ భాయ్ నా మొఖం చూసి నవ్వి, "గర్మీ ఆరై అమ్మా, కూలెంట్ దేఖ్‌లో" అన్నడు. ఎండలొస్తున్నయ్, ఇంజిను నీళ్లు చూసుకోమని. చూస్తా భాయ్ అన్న. ఇంటికొచ్చి ఎసట్ల బియ్యం పోసి మర్చిపోయిన.

ఆ తర్వాత నెలనో నెలన్నరనో, స్టీరింగు ఎనుక ముల్లు తిరిగే కాడ ఒక ఎర్రలైటు వెలుగుడు మొదలైంది. కొద్దిసేపు వెలుగుతది, ఆరిపోతది. నా కండ్లల్ల గుచ్చుకుంటుండె. ఏం చేసిన్నంటె బిడ్డా, ఎవ్వరికి చెప్పకు, ఆ రికార్డు కూడా ఎవ్వరికి ఇనిపియ్యకు, నా నొసటి బొట్టుబిళ్ళ తీసి దాని మీద అంటిచ్చిన. సరిగ్గ సరిపోయింది. ఎంత మంచి అకల్ నాదని ఖుషీ అయిన కూడ.

ఇగ ఆ రోజు. ఎండకాలం, పదకొండు పదకొండున్నర అయితుండొచ్చు. మీ తాత పెద్దక్క ఉండె గదా, లచ్చమ్మ, నాకు ఆడిబిడ్డ. షాద్‌నగర్ల ఆమె మనుమరాలికి శ్రీమంతం. ఆమె మోకాళ్లు అరిగిపోయినయ్, బస్సెక్కలేదు. "వదినె, నేనుండంగ నీకు బస్సెందుకు" అని నేనే గొప్పకు పోయిన. నాకూ ఆమెకూ మాట కలవదు, నీకెరుకే. నా కూరల ఉప్పు ఎక్కువంటది, నా పిల్లలు నల్లగున్నరంటది. నా కారుల ఆమెను కూసోపెట్టి, నోరెత్తకుంట చెయ్యాల్నని నా ఆశ. ఆమె నా ఎనుక సీట్ల కూసున్నది. మీ తాత నా పక్కన. ఎనుక డిక్కిల పండ్లు, గాజులు, ఆమె మదీనా బజార్ కాడ కొన్న ఎర్రచీరె. పన్నెండు వందలు పెట్టిన్నని ఇల్లు దాటకముందే మూడుసార్లు చెప్పింది.

ఆరాంఘర్ దాటినం, శంషాబాద్ దాటినం. ఏసీ ఫుల్లు పెట్టిన. కొత్తూరు దాటినంక ఏసీల కెళ్లి ఏడిగాలి వచ్చుడు మొదలైంది. "యాదమ్మా, ఏదో వాసనొస్తుంది" అన్నడు మీ తాత. "ఫ్యాక్టరీలున్నయ్ గదయ్యా, వాసన రాదా? నీకు బండ్ల సంగతేం తెల్సు, నీది పట్టాల మీద బతుకు" అన్న. ఆయన రైల్వేల గ్యాంగ్‌మన్. పట్టాల కింద కంకర సదురుడు, బోల్టులు బిగిచ్చుడు. బతుకుల ఒక్కనాడు స్టీరింగు పట్టలే. అందుకని ఆయన మాటంటె నాకు లెక్కలేకుండె.

ఒక చిన్న బ్రిడ్జి మీదికెళ్లి దిగుతున్నం. బానెట్ సందులకెళ్లి తెల్లగ పొగ. నేను తొక్కుతున్న, బండి పోతలేదు. దుకాణం బంద్ చేసినట్టు ఆగిపోయింది. ఆ బ్రిడ్జి దిగినంక పక్కపొంటి జాగ తక్కువ. కొద్దిగ ముందుకు దొర్లిచ్చుకుంట పోతె మంచిగ జాగ ఉండె. నేనేం చేసిన? అక్కడ ఏపచెట్టు నీడ పడుతుంది సడక్ మీద. నీడ దొరికిందని బ్రేకు తొక్కి ఆడనే నిలబెట్టిన. సగం బండి లోపల, సగం బండి సడక్ మీద.

దిగి బానెట్ ఎత్తిన. ఇప్పుడు నేను పెద్ద ఇంజినీరును. పొంగుతున్న కుక్కరు మూత తీస్తమా బిడ్డా? ఇంట్ల తియ్య. ఆడ కొంగు చేతికి చుట్టుకోని రేడియేటర్ మూత తిప్పిన. బుస్సుమని లేసింది ఆవిరి. ఇగో చూడు, మణికట్టు కాడ, ఈ మచ్చ గదే. కాలినోళ్ల వార్డుల తొమ్మిదేండ్లు చేసినదాన్ని, ఎంతమందికి మందు రాసిన్నో లెక్కలేదు, నేనే పోయి చెయ్యి పెట్టుకున్న. మొఖం మీద కొట్టలేదు, నా అదృష్టం. తాగే నీళ్లు పోసుకుంట, ఏడ్సుకుంట పోయి సీట్ల కూసున్న. నాలుగు మూలల లైట్లు కొట్టుకుంటున్నయ్, అవి మీ తాతనే నొక్కిచ్చిండు. బ్యాటరీ అయిపోతదని నేను ఆర్పేసిన.

"ఆ ఎర్ర మూడుమూలల బోర్డు ఉంటది గదా, ఎనుక పెట్టేది, ఏది?" అని అడిగిండు.

ఆ బోర్డు ఇంటికాడున్నది బిడ్డా. మన గేటు ముంగట ఎవ్వరూ మోటర్ సైకిళ్లు పెట్టొద్దని గల్లీల నిలబెట్టిన దాన్ని. మస్తు పని చేస్తుండె గల్లీల.

అప్పుడు మీ తాత ఒక్కసారి ఎనుకకు మర్లి ఆ బ్రిడ్జి దిక్కు చూసిండు. పైకెళ్లి దిగే బండ్లకు కింద ఏమున్నదో కనిపియ్యదు. ఆయన మొఖం మారింది. "దిగుండ్రి" అన్నడు.

"ఎందుకయ్యా? నీడ మంచిగున్నది. మెకానిక్‌కు ఫోన్ చేస్తున్న. ఇంత పులిహోర తిందాం."

"దిగుండ్రి. ఇద్దరూ. ఎడమదిక్కు కెళ్లి దిగుండ్రి, కుడి తలుపు ముట్టొద్దు."

మా ఆడిబిడ్డ అందుకున్నది: "తమ్మీ, నీకు పిచ్చి లేసిందా? నా మోకాళ్లతోని నేనేడికి దిగుత? ఎండల పాణం పోతది నాకు." "అవును వదినె, నువ్వు దిగకు" అన్న నేను. నలభై ఏండ్లల్ల మేమిద్దరం ఒక్క మాట మీద నిలవడ్డది గదే మొదటిసారి, చూడు!

ఆయన ఒర్రలే, తిట్టలే. ఎడమ తలుపు తీసి, ఆమె రెండు రెక్కలు పట్టి సీటు మీద అట్లనే జరుపుకుంట తీసుకొచ్చి, కిందికి దించిండు. ఆమె ఏడుపు. నేను శాపనార్థాలు. సడక్ పక్కపొంటి ఇనుప రెయిలింగు ఉంటది గదా, బండి గుద్దకుంట. దాని మీదికెళ్లి ఆమెను దాటిచ్చి, బండికి ఎనుక దిక్కు ఇరవై ముప్పై అడుగులు దూరం తీస్కపోయి కంకర మీద కూసోపెట్టిండు. నన్నూ రమ్మన్నడు. నేను రానంటె నా చెయ్యి పట్టి గుంజిండు. అంతకు ముందు ఒక్కనాడు నన్ను గట్ల గుంజలే ఆయన. అందుకే ఆయన ఎంట పోయిన.

అటెన్క డిక్కి తీసి, ఆ ఎర్రచీరె కవర్ చింపిండు.

"అయ్యో, నా చీరె! శ్రీమంతం చీరె తమ్మీ!" అని మా ఆడిబిడ్డ కంకర మీదికెళ్లే ఒర్రుతుంది. ఆయన ఇంటలేడు. చీరె మడత విప్పుకుంట రెయిలింగు అవతల దిక్కు నుంచే బ్రిడ్జి మీదికి నడిసిండు. ఎంత దూరం పోయిండంటె, నాకు చిన్నగ కనపడుతుండు. ఆడ, బండ్లు ఎక్కొచ్చి నెత్తి మీద కనపడే కాడ, సడక్ అంచుకు నిలబడి, చీరె రెండు చేతుల్తోని అటూ ఇటూ ఊపుతుండు. బస్సులు చూసి మెల్లగైతున్నయ్, కుడికి తప్పుకోని పోతున్నయ్. ఒకరిద్దరు కారోళ్లు ఫోన్‌తోని వీడియో తీసుకున్నరు. నాకు సిగ్గయి తల దించుకున్న. "మా తమ్మునికి ఎండదెబ్బ తగిలినట్టుంది" అన్నది ఆమె. "ఎండకాదు వదినె, మొదటిసంది గంతే" అన్న నేను. ఇద్దరం ఆయనను మంచిగ తిట్టుకుంట పులిహోర తిన్నం. అవును, ఆ డబ్బా మాత్రం మర్చిపోకుంట తెచ్చుకున్న నేను.

ఇరవై నిమిషాలైందో, అరగంటైందో. ఒక డీసీఎం లారీ వచ్చింది, సిమెంటు బస్తాల లోడుతోని. దాని సప్పుడు ముందుగాల ఇనపడ్డది. ఆ తర్వాత మీ తాత కేక. ఆయన గొంతు గంత పెద్దగ ఉంటదని నాకప్పుడే తెల్సింది. బ్రేకులు కీసుమని గుంజుకుంట వచ్చింది, వచ్చింది, రబ్బరు కాలిన వాసన, ఇగ ఆగుతదనుకున్న. ఆగలే. నా బండి ఎనుక కుడి మూలకు గుద్దింది. దాన్ని తోసుకుంట పదిగజాలు తీస్కపోయి రెయిలింగుకు ఒత్తింది.

నేను బండి దిక్కు చూడలే బిడ్డా. బ్రిడ్జి మీదికి చూసిన. చీరె సడక్ మీద పడున్నది. మీ తాత లేడు.

ముప్పై మూడేండ్లు మనుషులు పోంగ చూసిన. ఆ రోజు లేవబోతె లేవస్తలే. నాకంటె ముందు లచ్చమ్మ లేసింది, మోకాళ్లు లేనిది! "తమ్మీ!" అని ఒర్రుకుంట రెయిలింగు పట్టుకోని ఉరుకుతుంది. కిందికెళ్లి, పొదలల్లకెళ్లి ఇనపడ్డది: "రాకుండ్రి! ఆడనే ఉండుండ్రి! సడక్ మీదికి రాకుండ్రి!" మీ తాతనే, లారీ మీదికొస్తుందని రెయిలింగు ఎనుకకు దునికి తుమ్మపొదల పడ్డడు. ఒళ్లంత ముండ్లు. లేసి నిలబడి మళ్ల చెయ్యి ఊపుతనే ఉన్నడు, ఎనుకకెళ్లి ఇంకో బండి వస్తదేమోనని.

డీసీఎం డ్రైవరు దిగిండు, కర్నూలు దిక్కు నడీడు మనిషి. "కన్ను మూతపడినాదమ్మా. ఎర్రగా ఏందో కనపడితే ఉలిక్కిపడి బ్రేకు తొక్కితిని. లేకుంటే..." అని మా కారు దిక్కు చూసి, ఆడనే సడక్ పక్కన కూసున్నడు. నేను అప్పుడు చూసిన. ఎనుక కుడి సీటు లేదు బిడ్డా. ముందు సీట్ల కొచ్చి కలిసిపోయింది. నా కవరు, నేను అల్లినది, దాంట్ల చిక్కి ఏలాడుతుంది.

లచ్చమ్మ ఎంతసేపో దాని దిక్కే చూసింది. చూసి, "యాదమ్మా, నీళ్లున్నయా?" అన్నది. అంతే. నేను నర్సును గదా, అందరి నాడి పట్టి చూసిన. డ్రైవరుది, లచ్చమ్మది, మీ తాతది. ఆయనదే అందరికంటె నిమ్మలంగున్నది. నాది ఆయన పట్టి చూసి, "నువ్వే కూసో జర" అన్నడు.

హైవే పోలీసోళ్లొచ్చి మమ్ముల్ని ఇంటికి పంపిచ్చిన్రు. బండిని క్రేన్‌తోని కిషన్‌బాగ్‌కు గుంజిపిచ్చినం. జానీ భాయ్ ఆయిల్ పుల్ల గుంజి చూపిచ్చిండు. ఎండిపోయి నల్లగ జిగురున్నది. నీళ్ల డబ్బాల ఒక్క చుక్క లేదు. స్టెపినిల గాలి కూడా లేదట, అది ఎట్లనో అడగకు.

ఆ సాయంత్రం మీ తాతను మెట్ల మీద కూసోపెట్టి ముండ్లు తీస్తున్న. ఊకుండలేక అడిగిన: "నీకెట్ల తెల్సిందయ్యా, గుద్దుతదని?"

"గుద్దుతదని తెల్వదు. లైను మీద పని పెట్టుకుంటె ముందుగాల ఎర్రజెండా పాతాలె. అటెన్కనే పార పట్టాలె. గంతే."

ఇంకో చెయ్యి ముంగటికి చాపి చెప్పిండు. మా పెండ్లయిన మూడో ఏడు, సాయిలు అని ఆయన జోడీ ఒకడుండెనట. ఒక మధ్యాహ్నం ఒక్క బోల్టు ఒదులైంది, ఐదు నిమిషాల పని, జెండా ఏం పాతుతం తియ్ అనుకున్నరట ఇద్దరు. ఉత్త ఇంజిను ఒకటి వచ్చింది. మీ తాత పక్కకు దునికిండు. సాయిలు వంగి ఉండె.

"జెండా నా కాడనే ఉండె యాదమ్మా" అన్నడు. "చుట్టి, చంకల పెట్టుకోని ఉన్న."

నాకు యాదికొచ్చింది. ఆ ఏడు ఈయన వారం దినాలు బువ్వ తినలే, మాట్లాడలే. నేను కామెర్లనుకున్న. దవాఖానకు తీస్కపోయి రక్తపరీక్ష చేపిచ్చి, చెరుకురసం తాపిచ్చిన. ఇంత పెద్ద నర్సును నేను.

"నాకెందుకు చెప్పలేదయ్యా ఇన్నేండ్లు?"

"నువ్వు దినాం దవాఖానల సచ్చేటోళ్లను చూసి వస్తుంటివి. ఇంటికొచ్చినంక ఇంకొకన్ని ఎందుకు చూపిచ్చుడు అనుకున్న."

గప్పుడు ఏడ్చిన బిడ్డా. సడక్ మీద రాని ఏడుపు మెట్ల మీద వచ్చింది. ఆయన "ముల్లు నాకు గుచ్చుకున్నది, ఏడుపు నీకేందే" అన్నడు.

సరే, సరే. నువ్వెందుకు కండ్లు తుడుసుకుంటున్నవ్? బంద్ చెయ్యకు, అసలు ముచ్చట చెప్పలే ఇంకా. నీ కారుకు ఆయిల్ ఎప్పుడు చూసినవ్? మొన్ననేనా? ఆ 'మొన్న' ఎట్లుంటదో నాకెరుక, నాకు చెప్పకు. పద కిందికి. ఇంజిను సల్లగున్నప్పుడే నీళ్లు చూడాలె. స్టెపినిల గాలి కూడ పెట్రోల్ బంకుల నువ్వే దగ్గరుండి కొట్టిచ్చుకో. లైటేమన్న వెలిగితె పక్కకు ఆపి చూడు. తొవ్వల బండి ఆగితె ముందుగాల మనుషులు దిగాలె, ఎడమదిక్కు కెళ్లి, రెయిలింగు అవతలికి. అటెన్కనే బండి. బండి పోతె మళ్ల వస్తది. నాది పోయింది, మళ్ల ఇంకోటి రాలేదా?

కర్నూలు చేరంగనే ఫోన్ చెయ్యి. నడుపుకుంట కాదు, ఆపి చెయ్యి. మీ తాత ఫోన్ పట్టుకోనే కూసుంటడు, "నీ ఇష్టం" అంటడు గాని. నీ బండిల కూసున్నోళ్లందరు సక్కగ ఇల్లు చేరాలె బిడ్డా. చేరి, కాళ్లు చాపుకోని, "అబ్బో, గీ పిల్ల ఎంత మెల్లగ నడుపుతదే, పొద్దుకూకింది" అని నిన్ను నూరేండ్లు తిట్టుకుంట బతకాలె.